బీగాలు లేని కాలం

పత్తికొండ స్టేషన్లో వెనక గది నాకిచ్చినారు.
ఒక కంప్యూటరు, తిరిగేదానికన్నా అరిచేది ఎక్కువైన ఫ్యాను.
పాత రిజిస్టర్లన్నీ ఎక్కించాల.
"నీ చేతిరాత బాగుంటాది" అన్నాడు ఎస్సై,
టైపు కొట్టే పనికి.

అరవై ఎనిమిది పుస్తకం ఎక్కాల బుక్కంత ఉండాది.
ఈ యేటిది రెండు చేతులా ఎత్తాల.
ఇంట్లో చెప్తే మా అబ్బ మీసాల కింద నవ్వినాడు.
"చూసినావా మరి! మా కాలంలో బీగమంటేనే తెల్దు.
చెనిక్కాయల మూటలు కళ్ళంలో పడుంటే
కుక్క గూడా మూతి పెట్టేది కాదు."

సంగటి పెడతా మా జేజి అనింది:
"వాకిలికి లేదులే. పెట్టెకుండె బీగం.
బీగంచెవి మీయమ్మ మొలలో ఉండె.
ఉప్పురాయికి గూడా అడగాల."
అబ్బకు వినపడలేదు. చెముడు.
కొన్ని మాటలప్పుడే వస్తాదా చెముడు.

రైటర్ ఖాజాసాబు రాత సన్నకుట్టు మాదిరి,
ఒక్క కొట్టివేత లేదు.
ఎద్దు పోయింది, దొరికింది.
ఇత్తడి బిందె, దొరకలేదు.
ఎమ్మిగనూరు సంతకు పోతా బస్సులో జేబు.
ఉరుకుందమ్మ, ఇరవై రెండు,
కడుపునొప్పి తాళలేక బావిలో పడి.
ఎక్కించినా.
సుంకులమ్మ, పంతొమ్మిది, కడుపునొప్పి తాళలేక.
ఎక్కించినా.
ముంగారు విత్తనమప్పుడు మాదక్క. కడుపునొప్పి.
వయసు రాసినచోట పురుగు తినింది.

ఒకే యేడు, ఒకే ఫిర్కా, తొమ్మిది కడుపునొప్పులు,
అన్నీ ఆడోళ్లకే,
అన్నీ నడుచుకుంటా బావికాడికే పోయినాయి.
అనుమానం? లేదు.
ఖాజాసాబు తప్పేమీ రాయలేదు. చెప్పిందే రాసినాడు.
చెప్పినోళ్లెవరో గూడా రాసినాడు:
భర్త. మామ. భర్త. బావ. భర్త.

మా ఊర్లో కుంటి ఓబులేసు తాతను అడిగినా,
కాలెట్ల ఇరిగెనని.
"పెద్దిండ్లోళ్ల చెలిమెలో చెంబు ముంచితి."
ఏ యేడు తాతా?
"వాన రాని యేడు."
వాన రాని యేండ్లన్నీ తిరగేసినా. మస్తుగున్నాయి.
చెంబు లేదు, కాలు లేదు, ఓబులేసు లేడు.
ఆ కాలంలో
ఆ నేరానికి కాలమ్ లేదు.

ఈ పొద్దు పదకొండు కేసులు.
నాలుగు సెల్లుఫోన్లు.
ఓటీపీ చెప్పి పద్దెనిమిది వేలు పోగొట్టుకున్న లెక్కల టీచరు.
మార్కెట్లో టమోటా క్రేట్లు, నిండువి కాదు, ఖాళీవి.
మధ్యాన్నం ఒకామె వచ్చింది,
పెదవి చినిగి, బిడ్డను చంకనేసుకోని.
ఎవరూ చెప్పకుండానే కుర్చీ లాక్కోని కూర్చునింది.
"మొగుడు. రాసుకో" అనింది.
రాసుకున్నా.
ఈ యేటి లెక్కలో నేరం ఒకటి పెరిగింది.

అట్లని ఈ కాలం మంచిదని నేనెవరికి చెప్పేది?
రాత్రి డ్యూటీ దిగి స్కూటీ మీద వస్తా
గుత్తి రోడ్డు మలుపుకాడ హెల్మెట్ అద్దం దించుకుంటా,
జడ చొక్కా లోపలికి తోసుకుంటా.
నేనూ పోలీసే.
అబ్బ చెప్పిన కళ్ళం గూడా అబద్ధం కాదు.
ఆ మూటలు నిజంగా అట్లే పడుండినాయంట,
బావి పక్కన.

నిన్న రాత్రి అడిగినా:
"అబ్బా, మాదక్క ఎవరు?"
రొట్టె తుంచే చెయ్యి నిలబడింది.
చెముడు రాలేదు.
"మా చెల్లెలు."
జేజి దీపం కాడ నుంచి కదల్లేదు.
శానాసేపటికి, రొట్టెతో అన్నట్టు అన్నాడు:
"దానికి కడుపునొప్పి ఎప్పుడూ లేదు."
"ఎన్నేండ్లు అప్పుడు?"
"పదిహేడు నిండలేదు."

పురుగు తిన్నచోట ఖాళీ పెట్టమని రూలు.
పొద్దున్నే పోయి తలుపు దగ్గరికేసి
ఆ గడిలో
పదహారు ఎక్కించినా.